మూడో రోజు ముసురు: లైను లేని చోట కరెంటు లెక్క

ఎండ కాసినన్ని రోజులు ఏ సోలార్ సెట్టయినా బాగానే నడుస్తుంది. దాని బలమెంతో తేలేది ముసురు పట్టిన మూడో రోజు, పొద్దుగూకాక. మొదటి రాత్రి ఫ్యాను మామూలుగానే తిరుగుతుంది. రెండో రాత్రి నడిజాములో ఇన్వర్టర్ కూత పెడుతుంది. మూడో రాత్రి చీకటే. మర్నాడు దుకాణానికి పోతే, బ్యాటరీ సరిపోవట్లేదు, ఇంకోటి కలపండి అంటారు. అప్పో సప్పో చేసి ఇంకోటి తెచ్చి కలిపినవాళ్లకు వచ్చే వానాకాలంలో మళ్లీ అదే చీకటి ఎదురవుతుంది. ఈసారి పాడయ్యేవి రెండు బ్యాటరీలు.

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. అయినా నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు లైను అందని జాగలు ఇంకా ఉన్నాయి. ఆఖరి స్తంభానికి అర కిలోమీటరు అవతల బత్తాయి తోటలో వేసుకున్న కొట్టం, అమ్రాబాద్ అడవి లోపలి చెంచుల గూడెం (పెంట అంటారు), కొల్లాపూర్ వైపు కృష్ణ బ్యాక్‌వాటర్ ఒడ్డున చేపలవాళ్ల గుడిసె, పంట కావలికి వేసిన మంచె. లైను ఉన్న చోట కూడా రోహిణి కార్తెలో గాలిదుమారం లేచి నాలుగు స్తంభాలు ఒరిగితే రెండు మూడు రోజులు అదే పరిస్థితి. రెండు మూడు వందల వాట్లతో రోజులు ఎట్లా వెళ్లదీయాలన్నది, వారాల తరబడి నేల కనిపించని సముద్ర పడవలవాళ్లు ఏనాడో తేల్చుకున్న లెక్క. బాయికాడి కొట్టానికీ అదే లెక్క పనిచేస్తుంది.

బోరు వేరు, గోలెం వేరు

వాట్ అంటే పైపులో వచ్చే ధార. వాట్-గంట అంటే గోలెంలో చేరిన నీళ్లు. రెండించుల ధార పోసి అయిదు నిమిషాలకే ఆగిపోయే బోరు కన్నా, ఇంచు ధారైనా పొద్దంతా పోసే బోరు మేలని నల్లగొండ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పది వాట్ల బల్బు పది గంటలు వెలిగితే 100 వాట్-గంటలు ఖర్చయినట్టు. అట్లా వెయ్యి వాట్-గంటలు అయితే కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్.

బ్యాటరీ మీద 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్-గంటలు) అని రాసి ఉంటే రెండింటినీ గుణించాలి. 1800 వాట్-గంటలు, అంటే రెండు యూనిట్లకు కొంచెం తక్కువ. కాని నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీని రోజూ సగం కన్నా కిందికి తోడకూడదు. తోడితే సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడి, గోలెం అడుగున మట్టి పేరుకున్నట్టు, పట్టే సామర్థ్యమే తగ్గిపోతుంది. కాబట్టి చేతికొచ్చేది 900. ఇంకో చిన్న మెలిక ఉంది. ఇండ్లలో ఇన్వర్టర్లకు అమ్మే బ్యాటరీల మీద ఆ 150 అంకె సాధారణంగా సీ20 లెక్క, అంటే ఇరవై గంటల్లో నిదానంగా తోడితే వచ్చేది. సోలార్ కోసం చేసినవాటి మీద సీ10 అని ఉంటుంది, అంటే పది గంటల్లోనే తోడినా వచ్చేది. ఒకే అంకె రాసి ఉన్నా సీ10దే నిజంగా పెద్ద బ్యాటరీ. కొనేటప్పుడు చూడాల్సిన మొదటి అక్షరం అదే.

ఇప్పుడు మూడో రోజు సంగతి. కొట్టంలో రోజు ఖర్చు 700 వాట్-గంటలు అనుకుందాం. ప్యానెల్ 200 వాట్లు. మన దగ్గర తేటగా ఉన్న రోజు నిండు ఎండ అయిదు గంటలకు సమానంగా పడుతుంది. వేడికీ, దుమ్ముకూ, వైరుకూ, బ్యాటరీలో పోయేదానికీ కలిపి మూడో వంతు పైగా తీసేయాలి. 200ను 5తో, మళ్లీ 0.65తో గుణిస్తే 650. అంటే ఎండ బాగా కాసిన రోజు కూడా ఖర్చుకు 50 తక్కువే. ముసురులో ఆ అయిదు గంటలు గంటన్నరకు పడిపోతాయి. వచ్చేది 195. రోజుకు 500 లోటు. 900 నిల్వ రెండో రాత్రి దాటదు.

ఇంకో బ్యాటరీ కలిపితే ఏమవుతుంది? నిల్వ 1800 అవుతుంది, ముసురు మూడు రోజులు గడుస్తుంది. తర్వాత ఎండ వస్తుంది. రోజుకు 650 వస్తుంది, 700 పోతుంది. ఖాళీ అయిన గోలెం ఇక ఎప్పటికీ నిండదు. సగం నిండిన బ్యాటరీలు వారాల తరబడి అట్లాగే పడి ఉండి సల్ఫేటు పట్టి పోతాయి. అదే డబ్బులో కొంత పెట్టి ప్యానెల్‌ను 400 వాట్లు చేస్తే, ఎండ రోజున 1300 వస్తుంది, 600 మిగులుతుంది. ముసురు రోజున 390 వస్తుంది, లోటు 310. పాత ఒక్క బ్యాటరీతోనే దాదాపు మూడు రాత్రులు గడుస్తాయి, ఎండ పొడిచాక రెండు రోజుల్లోపే మళ్లీ నిండుతుంది. ఊట పెంచాలా, గోలెం పెంచాలా అన్న ప్రశ్న వస్తే ముందు ఊటే పెంచాలి. ఒక్క జాగ్రత్త: 150 ఏహెచ్ ట్యూబులర్‌కు 15 నుంచి 20 ఆంపియర్లు మించి చార్జింగ్ ఎక్కించకూడదు కాబట్టి, పెద్ద ప్యానెల్ పెట్టినప్పుడు, ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే చార్జ్ కంట్రోలర్‌లో ఆ హద్దు పెట్టుకోవాలి.

మూడో వంతు ఎక్కడికి పోతుందో కూడా తెలిసి ఉండటం మంచిది. ప్యానెల్ వెనక రాసిన వాట్లు 25 డిగ్రీల సెల్ వేడి దగ్గర కొలిచినవి. మే నెలలో మిర్యాలగూడలో బయట 44 ఉంటే ప్యానెల్ అద్దం 65, 70 దాటుతుంది. పైబడిన ఒక్కో డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం పోతుంది. అంటే వేడి ఒక్కటే 15 శాతం తినేస్తుంది. ఎండ మండినకొద్దీ కరెంటు ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. ఎండ తేటగా ఉండి గాలి చల్లగా తగిలే ఫిబ్రవరి రోజులే ప్యానెల్‌కు ఇష్టం. ప్యానెల్‌ను రేకుల మీద పరిచినట్టు బిగించకుండా అర అడుగు ఎత్తులో పెడితే కింద గాలి ఆడి కొంత కలిసొస్తుంది.

ఎవరూ లెక్కేయని ఖర్చు

ఖర్చు రాసుకోవడం అంటే వస్తువు మీది వాట్లను రోజుకు నడిచే గంటలతో గుణించడమే. రెండు 9 వాట్ల బల్బులు ఆరు గంటలు: 108. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, పది గంటలు: 300. అదే పాత సీలింగ్ ఫ్యానైతే 75 వాట్లు, 750. కాబట్టి ఫ్యాను మార్చడం ఒక్కటే రెండు రోజుల ముసురులో ఒక బ్యాటరీ కొన్నంత పని. రెండు ఫోన్లు, చార్జర్‌లో పోయేది కలిపి 50. చిన్న టీవీ 40 వాట్లు, రెండు గంటలు: 80. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ 12 వోల్టులు 12 ఏహెచ్‌ది నిండా ఎక్కిస్తే 150 పైనే, అయితే అది రోజూ పని కాదు. మిక్సీ 500 వాట్లని భయపడతారు గాని అయిదు నిమిషాలకు అయ్యేది 42 మాత్రమే. రైస్ కుక్కర్ మాత్రం 700 వాట్లు అరగంట: 350. వేడి పుట్టించే వస్తువు ఏదీ, కుక్కర్ కావచ్చు, ఇస్త్రీ పెట్టె కావచ్చు, ఇట్లాంటి సెట్టుకు పనికిరాదు. ఇందులో బేరం లేదు.

ఇవన్నీ కలిపితే, కుక్కర్, స్ప్రేయర్ వదిలేస్తే, 580. మరి బ్యాటరీ తొందరగా ఎందుకు దిగుతోంది? ఒక పని చేయండి. బల్బులు, ఫ్యాను, టీవీ, అన్ని స్విచ్‌లూ ఆర్పేయండి. ఇన్వర్టర్ మాత్రం ఆన్‌లో ఉంచి, బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు పోయే ఎర్ర వైరుకు డీసీ, అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు, కొలిచే క్లాంప్ మీటర్ తగిలించండి. ఏమీ నడవట్లేదు, అయినా మీటర్ ఒక ఆంపియర్, ఒకటింపావు చూపిస్తుంది. ఇన్వర్టర్ తన కడుపు కోసం తాను తింటున్నది అది. 12 వోల్టుల దగ్గర 15 వాట్లు. చిన్న అంకెలాగే ఉంటుంది, కాని రోజుకు 24 గంటలు తింటుంది: 360 వాట్-గంటలు. రెండు బల్బులు, టీవీ, రెండు ఫోన్లు, అన్నీ కలిసినా దానంత లేవు.

ఈ ఒక్క అంకె తెలిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. పొద్దున లేవగానే ఇన్వర్టర్ వెనకాల ఉన్న అసలు స్విచ్ ఆపేసి, రాత్రి అవసరమైన ఎనిమిది గంటలే నడిపితే 360 కాస్తా 120 అవుతుంది. ఇంకా మేలైన దారి ఇన్వర్టర్‌తో పనే లేకుండా చేసుకోవడం. 12 వోల్టుల డీసీ బల్బులు, డీసీ ఫ్యాను, డీసీ నుంచి ఫోనుకెక్కించే చార్జర్, అన్నీ దొరుకుతాయి. వాటికి విడిగా ఒక లైను లాగి, టీవీకీ మిక్సీకీ మాత్రమే ఇన్వర్టర్ వేసుకుంటే, 400 వాట్ల ప్యానెల్‌తో వానాకాలం గడిచిపోతుంది. డీసీ లైనుకు డీసీ అని రాసి ఉన్న ఎంసీబీలే (కరెంటు ఎక్కువైతే వాటంతటవే ఆగే స్విచ్‌లు) వాడాలి. ఏసీ స్విచ్‌లో డీసీ మెరుపు తొందరగా ఆరదు, కొన్నాళ్లకు లోపలి పాయింట్లు మాడిపోతాయి.

సముద్రం మీద ఇదే లెక్క

భారత నౌకాదళానికి చెందిన 55 అడుగుల తెరచాప పడవ తారిణి 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. ఆరుగురు మహిళా అధికారులు నడిపిన ఆ పడవలో హైదరాబాద్ ఆడబిడ్డ ఐశ్వర్య బొడ్డపాటి కూడా ఉన్నారు. అంత దూరం పోయే పడవల్లో కరెంటు తినేవి సాధారణంగా నాలుగు: చుక్కాని పట్టే ఆటోపైలట్, ఫ్రిజ్, దారి చూపే పరికరాలు, రాత్రి దీపాలు. అందులో ఆటోపైలటే పెద్ద తిండిపోతు. సగటున 3 నుంచి 5 ఆంపియర్లు, రోజుకు 70 నుంచి 120 ఏహెచ్ మింగుతుంది. తెరచాప స్తంభం కొనమీది దీపం పాత 25 వాట్ల బల్బైతే పన్నెండు గంటల రాత్రికి 25 ఏహెచ్ తాగేది, ఎల్‌ఈడీ వచ్చాక 3తో సరిపోతోంది.

దూరం పోయే పడవలవాళ్లు చేసిన తెలివైన పని బ్యాటరీలు పెంచడం కాదు. చుక్కానికి గాలి రెక్క కట్టారు. గాలి ఏ వైపు నుంచి కొడుతోందో ఆ రెక్క పసిగట్టి, నీటి ఒరవడి బలంతోనే చుక్కాని తిప్పుతుంది. చుక్క కరెంటు అక్కర్లేదు. గోల్డెన్ గ్లోబ్ రేసు అనే తెరచాప పడవల పందెం 2022 పోటీలో ఎలక్ట్రానిక్ ఆటోపైలట్‌కు అనుమతే లేదు. ఒక్కడే ప్రపంచం చుట్టి 236 రోజుల్లో, 2023 ఏప్రిల్ 29న, రెండో స్థానంలో వచ్చిన నౌకాదళ మాజీ కమాండర్ అభిలాష్ టామీ పడవకు చుక్కాని పట్టింది అట్లాంటి గాలి రెక్కే. పెద్ద ఖర్చును కరెంటు మీది నుంచే తప్పించడం అన్నమాట. బాయికాడ దీనికి సరిసమానమైంది నీళ్ల డ్రమ్ము. రాత్రి చిన్న మోటరు వేసుకునే బదులు, మధ్యాహ్నం ఎండలో బ్యాటరీ నిండి ప్యానెల్ కరెంటు వృథాగా పోతున్నప్పుడు డీసీ మోటరుతో ఎత్తు మీది డ్రమ్ముకు నీళ్లు ఎక్కిస్తే, రాత్రంతా నల్లా తిప్పితే నీళ్లొస్తాయి. డ్రమ్ము కూడా బ్యాటరీయే, దానికి సల్ఫేటు పట్టదు. స్ప్రేయర్, టార్చిలైటు, ఫోన్ల చార్జింగ్ కూడా పన్నెండు నుంచి మూడు మధ్యలోనే కానివ్వాలి. అయిదు హెచ్‌పీ బోరు మోటరు మాత్రం ఈ లెక్కలోకి రాదు. దానికి 3.7 కిలోవాట్లు కావాలి. అది విడిగా పెద్ద ప్యానెళ్లతో, బ్యాటరీ లేకుండా, ఎండ ఉన్నంతసేపే నడిచే సోలార్ పంపు వ్యవహారం.

పడవల నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. సీసం బ్యాటరీ 80 శాతం దాకా కరెంటును గబగబా తాగుతుంది. ఆఖరి 20 శాతానికి గంటల తరబడి చిన్న చిన్న గుక్కలే వేస్తుంది. అందుకే పడవల్లో చార్జింగ్ ఎక్కించే ఇంజన్‌ను తెల్లవారుజామున, బ్యాటరీ బాగా దిగి ఉన్నప్పుడు గంటసేపు నడిపి ఆపేస్తారు. మిగతా నింపుడు పని ఎండకు వదిలేస్తారు. సాయంత్రం నడిపితే డీజిల్ కాలుతుంది, బ్యాటరీ మాత్రం తాగదు. ముసురులో జనరేటర్ తెచ్చుకున్నా ఇదే వేళ పాటించాలి. పొద్దున రెండు గంటలు నడిపి ఆపేసి, మబ్బుల్లోంచి వచ్చే కాస్త వెలుతురుతో పైభాగం నిండనివ్వాలి.

గాలిమర కరెంటు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే అది పెట్టుకుంటే ముసురులో బాగుంటుందని చాలామంది ఆశపడతారు. గాలిమర ఇచ్చే శక్తి గాలి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. వెనక నుంచి 15 నాట్ల (నాట్ అంటే సముద్రం మీద వేగపు కొలత) గాలి వీస్తుండగా పడవ 6 నాట్లతో పోతుంటే మరకు తగిలేది 9 నాట్లే. వచ్చే కరెంటు అయిదో వంతుకు పడిపోతుంది. నడి సముద్రంలోనే అంత తగ్గితే, బత్తాయి చెట్ల మధ్య తెరలు తెరలుగా వీచే గాలికి చిన్న మర ఇచ్చేది చాలా తక్కువ. ఆ డబ్బు ప్యానెల్ మీద పెట్టడమే మంచిది.

ఏది ముందు ఆపాలి

ముసురు పడుతోందని తెలిసిన మొదటి సాయంత్రమే పొదుపు మొదలుపెట్టాలి. మూడో రోజు మొదలుపెడితే మిగిలేదేమీ ఉండదు. ముందు టీవీ, దాంతోపాటు ఇన్వర్టర్. తర్వాత ఫ్యాను. ఫ్యానును ఆపనక్కర్లేదు, వేగం తగ్గిస్తే చాలు: బీఎల్‌డీసీ ఫ్యాను అయిదో నంబరులో 30 వాట్లు తింటే మూడో నంబరులో 12 దగ్గరికొస్తుంది. ముసురులో ఎట్లాగూ చల్లగానే ఉంటుంది, ఫ్యాను అసలు పని దోమలను తోలడమే. బల్బు ఒకటి చాలు. ఆఖరి దాకా ఆపకూడనివి రెండే: ఫోను, అడవిపందుల కంచె మిషన్. పడవలో దీపమూ రేడియో ఎట్లాగో ఇక్కడ ఇవి అట్లా.

కంచె గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంది. కంచెకు కట్టే ఈ జట్కా మిషన్ సెకనుకు ఒకసారి, కన్నుమూసి తెరిచేలోపు అయిపోయే దెబ్బ ఇస్తుంది. అది బెదిరిస్తుంది, పట్టి ఉంచదు. అందుకే తినేది కూడా తక్కువ, చిన్న మిషన్‌కు అయిదారు వాట్లు. మిషన్ లేదని మోటరు లైను నుంచో ఇన్వర్టర్ నుంచో కంచెకు నేరుగా కరెంటు ఇవ్వడం మనిషిని చంపే పని. అది ఆగకుండా పారే కరెంటు, తగిలినవాడు వదిలించుకోలేడు. పొద్దున్నే పక్క చేనుకు పోయేవాడికీ, మేకల వెంట వచ్చే పిల్లకూ ఆ తీగ కనబడదు. చట్టం కూడా దీన్ని నేరంగానే చూస్తుంది.

వైరులో పోయేది, కంట్రోలర్‌లో పోయేది

12 వోల్టుల దగ్గర సన్న వైరు పెద్ద దొంగ. ప్యానెల్ కొట్టానికి 15 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోను రాను 30 మీటర్లు. ఇంటి వైరింగ్‌లో వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 10 ఆంపియర్లు పారితే 2.2 వోల్టులు దారిలోనే వేడిగా పోతాయి. 12లో 2.2. అదే 10 స్క్వేర్ వైరులో అర వోల్టు చిల్లర పోతుంది. లావు వైరు ఖరీదెక్కువ అనిపిస్తే ప్యానెళ్లను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపి వోల్టేజి పెంచాలి. వోల్టేజి రెట్టింపైతే అదే శక్తికి ఆంపియర్లు సగం, వైరులో పోయే శక్తి నాలుగో వంతు. దానికి వోల్టేజిని మార్చగల రకం, ఎంపీపీటీ కంట్రోలర్ కావాలి.

ఈ కంట్రోలర్ దగ్గర జరిగే పొరపాటు చాలా ఖరీదైనది. దొరికిన 335 వాట్ల పెద్ద ప్యానెల్‌ను చౌకగా వచ్చే పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో 12 వోల్టుల బ్యాటరీకి కలిపేస్తారు. ఆ 72 సెల్‌ల ప్యానెల్ తన పూర్తి శక్తిని 38 వోల్టుల దగ్గర, 8.8 ఆంపియర్లుగా ఇస్తుంది. పీడబ్ల్యూఎం అంటే ఉత్త స్విచ్, వోల్టేజిని మార్చే తెలివి దానికి లేదు. 8.8 ఆంపియర్లనే తీసుకుని 13 వోల్టుల బ్యాటరీలోకి తోస్తుంది. చేతికొచ్చేది 115 వాట్లు. 220 వాట్లు గాలికి పోతున్నా ఏ లైటూ ఎర్రగా వెలగదు, ఏ కూతా రాదు, అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. ఎంపీపీటీ ఆ మిగులు వోల్టులను ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది. 36 సెల్‌ల చిన్న ప్యానెల్ ఉన్నవాళ్లు పీడబ్ల్యూఎంతో సర్దుకోవచ్చు, పెద్ద ప్యానెల్ ఉన్నవాళ్లు సర్దుకోకూడదు.

బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు పోయే వైరు మాత్రం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, మీటరున్నర మించకుండా. 800 వాట్ల లోడు పడితే ఆ వైరులో 75 ఆంపియర్లు దాటుతాయి, 25 స్క్వేర్ ఉండాలి. ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజ్ తప్పనిసరి. షార్ట్ అయితే ఈ సైజు బ్యాటరీ వెయ్యి ఆంపియర్లకు పైగా వదలగలదు, ఎర్ర వైరు క్షణంలో నిప్పు కణిక అవుతుంది.

పొద్దున్నే చూడాల్సిన అంకె

ఇన్వర్టర్ కూత పెట్టేదాకా వాడొచ్చు అనుకోవడమే బ్యాటరీలను చంపేస్తోంది. ఆ కూత, ఆ తర్వాత ఆగిపోవడం సాధారణంగా పదిన్నర, పదకొండు వోల్టుల మధ్య జరుగుతాయి. అప్పటికి సీసం బ్యాటరీ దాదాపు ఖాళీ. రోజూ అక్కడిదాకా తోడితే అయిదేళ్లు రావాల్సింది ఏడాది రెండేళ్లలో పోతుంది.

సరైన వేళ తెల్లవారుజాము, ప్యానెల్‌కు వెలుగు తగలకముందు. అన్నీ ఆపేసి అరగంట ఆగి మల్టీమీటర్ పెట్టాలి. ఇక్కడ ఇంటర్నెట్ పట్టికలు తప్పుదారి పట్టిస్తాయి. వాటిలో 12.7 అంటే నిండు, 12.2 అంటే సగం అని ఉంటుంది. అవి చిక్కటి యాసిడ్ పోసే బ్యాటరీల అంకెలు. మన వేడికి తట్టుకోవాలని ఇక్కడి ట్యూబులర్లలో పలచటి యాసిడ్ పోస్తారు, నిండుగా ఉన్నప్పుడు యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ 1.240 చూపుతుంది. ఒక సెల్ వోల్టేజి అంటే ఆ హైడ్రోమీటర్ అంకెకు 0.84 కలిపినది. ఆరు సెల్‌లకు గుణిస్తే నిండు బ్యాటరీ 12.5 దగ్గర, సగం బ్యాటరీ 12.1 దగ్గర ఉంటుంది. కాబట్టి పొద్దున 12.1 కన్నా తక్కువ కనిపిస్తే ఆ రాత్రి ఫ్యాను వేగం తగ్గాల్సిందే. ఆ అంకెను తేదీ వేసి గోడ మీద పెన్సిల్‌తో రాసుకుంటే నెల తిరిగేసరికి ఏ జబ్బయినా బయటపడుతుంది.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకూడదు. ఫ్లోరైడుతో ఎముకలు వంచిన నేల ఇది. మన బోరు నీళ్లలో ఉప్పులెంత ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. అందులోని క్లోరైడు, ఇనుము పలకలను తింటాయి, వాడకుండానే చార్జ్ దిగిపోయేలా చేస్తాయి. ఫిల్టర్ నీళ్లు తాగడానికే, బ్యాటరీకి కాదు. నీళ్లు పోయాల్సింది బ్యాటరీ నిండాక. ముందే నిండా పోస్తే చార్జ్ ఎక్కేటప్పుడు ద్రవం ఉబ్బి యాసిడ్ పొర్లుతుంది. పలకలు బయటికి తేలి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోసి, మిగతాది తర్వాత పోయాలి. టెర్మినల్ మీద నీలం తెలుపు కలిసిన పొడి పూత పూస్తే వైరు విప్పి, తినే సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక వాజిలిన్ రాసి గట్టిగా బిగించాలి. కడిగేటప్పుడు మూతలు బిగించే ఉండాలి, సోడా లోపలికి పోతే యాసిడ్ పాడవుతుంది.

లిథియం బ్యాటరీ, అంటే ఎల్‌ఎఫ్‌పీ రకం, ఈ బాధలు చాలావరకు తప్పిస్తుంది. 100 ఏహెచ్‌ది 1280 వాట్-గంటలు, అందులో వెయ్యి నిశ్చింతగా వాడొచ్చు. రోజూ నిండకపోయినా దానికేమీ కాదు. ముసురు నేలకు ఇదే దాని అసలు గుణం. కాని దాని వోల్టేజి 13.2, 13.3 దగ్గరే నిలబడి ఉంటుంది, మల్టీమీటర్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. పోయిన ఆంపియర్లు, వచ్చిన ఆంపియర్లు లెక్కబెట్టే షంట్ మీటర్ కావాలి. అది లేకపోతే హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా ఆగుతుంది. రేకుల కింద, మే నెలలో, 45 డిగ్రీలు దాటే మూలలో దాన్ని పెట్టకూడదు. సీసానికైనా అంతే: పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగం. మట్టిగోడ వారగా, నేల మీద చెక్క వేసి, గాలాడే చోట పెట్టడమే రెండింటికీ మంచిది.

ప్యానెల్ మీద చింతచెట్టు కొమ్మ నీడ ఒక్క మూల పడినా మూడో వంతు కరెంటు పోవచ్చు. లోపల సెల్‌లు గొలుసులా ఉంటాయి, ఒక్కటి చీకట్లో పడితే ఆ వరస మొత్తం ఆగుతుంది. పడవల్లో తెరచాప నీడ ఇదే పని చేస్తుంది. తుడవడం పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, వాననీళ్లతోనో మెత్తటి పొడిగుడ్డతోనో. బోరు నీళ్లు ఆరితే అద్దం మీద తెల్లటి చార పట్టి మళ్లీ పోదు. మొహం దక్షిణానికి, వాలు 17 డిగ్రీల దగ్గర. ఇక బిగింపు: 335 వాట్ల ప్యానెల్ దాదాపు రెండు చదరపు మీటర్లు. గంటకు వంద కిలోమీటర్ల దుమారం దాన్ని వంద కిలోలకు పైగా బలంతో లేపుతుంది. ప్యానెల్ బరువు చూస్తే ఇరవై చిల్లర కిలోలే. రాళ్లు పెట్టి ఆపితే ఆగదు, కాంక్రీటులో దింపిన పైపులకే బోల్టులతో బిగించాలి.

ముసురు విడిచి ఎండ పొడిచిన రోజు అందరూ ఒకేసారి టీవీ, ఫ్యాను అన్నీ వేస్తారు. ఆ రెండు రోజులూ రాత్రి ఖర్చు సగానికే ఉంచి, బ్యాటరీని 14.4 వోల్టుల దగ్గర, లోపలికి పోయే కరెంటు 3 ఆంపియర్లకు దిగేదాకా నిండనివ్వాలి. తర్వాత ఒక్కో సెల్‌లో హైడ్రోమీటర్ పెట్టి చూడాలి. ఆరింటిలోనూ తేలే బుడ్డి 1.230, 1.240 మధ్య నిలబడితే బ్యాటరీ గండం గట్టెక్కినట్టే. ఏదో ఒక సెల్ మిగతావాటి కన్నా 0.030 తక్కువ చూపితే, కంట్రోలర్‌లో సెల్‌లన్నిటినీ సమంగా నింపే ఈక్వలైజ్ పెట్టి 15 వోల్టుల దగ్గర రెండు మూడు గంటలు, తలుపులు తెరిచి, బీడీ నిప్పు కూడా దరిదాపుల్లో లేకుండా ఉడకనివ్వాలి. మర్నాడు మళ్లీ కొలిచినా ఆ సెల్ వెనకబడే ఉంటే దాని పని అయిపోయినట్టు. అట్లాంటి బ్యాటరీ పక్కన కొత్తది తెచ్చి కలపకండి, రాత్రంతా కొత్తదాన్ని ఆ ఒక్క సెల్ తాగేస్తుంది.